ఏటా 5 సెంటీమీటర్లు: హైదరాబాద్ నేల ప్రయాణం

హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఖాజాగూడ గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచిన బండలు, గోల్కొండ కోటను మోస్తున్న కొండ, బంజారాహిల్స్‌లో పునాదుల కోసం పగలగొట్టే రాళ్లు అన్నీ ఆ శిలా సమూహానివే. కొత్తగా పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. నేల లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారితేనే పలుకులు అంత పెద్దవిగా పెరుగుతాయి. పైనున్న మందమంతా కోట్ల ఏళ్లలో కోసుకుపోయాక రాయి మీద ఒత్తిడి తగ్గి అది పొరలుగా విచ్చుకుంది. ఆ పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగిపోగా గుండ్రటి బండలు మిగిలాయి. ఇంత పాతబడి, ఇంత గట్టిపడిన నేల కదలదని ఎవరైనా అనుకుంటారు.

కానీ అది కదులుతోంది. ఉప్పల్ రోడ్డులో 1961 నుంచి పనిచేస్తున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో, ఉపగ్రహాల సంకేతాలను రాత్రింబవళ్లు నమోదు చేసే ఒక జీపీఎస్ స్టేషన్ ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి స్టేషన్ల కొలతలను ఒకచోట చేర్చే అంతర్జాతీయ వ్యవస్థలో అదీ ఒక భాగం. ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూగా చోటు చూపిస్తే సరిపోతుంది. ఈ స్టేషన్‌లో మాత్రం ఏళ్ల తరబడి పోగైన కొలతలను కలిపి లెక్కగడతారు కాబట్టి మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది. ఆ లెక్క ప్రకారం హైదరాబాద్ ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా జరుగుతోంది. 1591లో చార్మినార్ కట్టిన నాటి నుంచి చూసుకుంటే ఈ నగరం మొత్తం 20 మీటర్లకు పైగా జరిగింది. అది చార్మినార్ ఒక పక్క పొడవుకు తక్కువ కాదు.

ఈ కదలిక ఎవరికీ తెలియకపోవడానికి కారణం దాని నెమ్మది ఒక్కటే కాదు. హైదరాబాద్‌తో పాటు బెంగళూరు, నాగ్‌పూర్, విశాఖపట్నం కూడా దాదాపు అదే దిశలో, అదే వేగంతో కదులుతున్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఇలాంటి స్టేషన్ ఉంది. ఆ రెండు స్టేషన్లూ ఏటా సెంటీమీటర్ల కొద్దీ జరుగుతున్నా, వాటి మధ్య దూరంలో వచ్చే మార్పు పరికరాలు పట్టుకోలేనంత స్వల్పం. సుమారు 100 కిలోమీటర్ల మందం ఉన్న రాతి పలక మొత్తం ఒక్క ముక్కగా కదిలితేనే ఇలా జరుగుతుంది. దక్కన్ పీఠభూమి స్థిరమైన ప్రాంతమని భూగర్భ శాస్త్రవేత్తలు అంటే దాని భావం ఇదే: ఈ నేల తనలో తాను పెద్దగా వంగడం లేదు, మడత పడటం లేదు, సాగడం లేదు. ప్రయాణం మాత్రం చేస్తూనే ఉంది. ఈ తేడాను వదిలేస్తే, భూమి పైపొర పలకలుగా విడిపోయి కదులుతుందని చెప్పే పలక చలన సిద్ధాంతం సగమే అర్థమవుతుంది, భూకంపాల గురించి వేసుకునే అంచనాలూ తప్పుతాయి.

ఖండాలు కదులుతాయన్న వాదనను ఒక సమగ్ర సిద్ధాంతంగా ముందుకు తెచ్చినవాడు జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్. 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసిన ప్రసంగంలో ఆయన దాన్ని వివరించాడు, 1915లో పుస్తకంగా వెలువరించాడు. దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పశ్చిమ తీరం ఒకదానికొకటి అతికినట్టు సరిపోవడాన్ని ఆయనకు ముందే చాలామంది గమనించారు. వెగెనర్ చేసిన అసలు పని, తీరరేఖలతో ఆగకుండా రాళ్లను, శిలాజాలను, పాత వాతావరణాల గుర్తులను ఒకచోట చేర్చి వాటన్నిటికీ ఒకే వివరణ ఇవ్వడం.

ఆ ఆధారాల్లో బలమైనవి కొన్ని తెలంగాణ నేలలోనే ఉన్నాయి. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. సింగరేణి గనుల చరిత్ర అక్కడ మొదలైంది. ఆ బొగ్గు పాతికకోట్ల ఏళ్లకు పైబడినది, గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్ల జాతి ఆకులు దాని పొరల మధ్య అచ్చు పడి దొరుకుతాయి. నాలుక ఆకారంలో ఉండి, నడుమ ఒక ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సాగే సన్నటి ఈనెలు కనిపించే ఆకు అది. అదే ఆకు దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల బొగ్గు పొరల్లోనూ ఉంది. వెగెనర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రసంగించిన కొద్ది వారాలకే, దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర రాళ్లు సేకరించింది. ఆ బృందం ప్రాణాలతో తిరిగి రాలేదు. వారి మృతదేహాల దగ్గర దొరికిన సుమారు 16 కిలోల రాళ్లలో గ్లోసోప్టెరిస్ శిలాజాలు ఉన్నాయి. ఆకలితో, చలితో నడవలేని స్థితిలో కూడా వారు ఆ రాళ్లను పారవేయలేదు.

బొగ్గు పొరల అడుగున ఉన్నది ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. గోదావరి లోయలో గోండ్వానా శిలల అట్టడుగున తాల్చేరు పొరలు అనేవి ఉన్నాయి. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన బండలు, గులకరాళ్లు, మెత్తటి బంకమట్టి కలిసి గట్టిపడిన పొరలవి. వేసవిలో రామగుండం, మంచిర్యాల ప్రాంతాల ఎండ తెలిసినవారికి, అదే లోయలో ఒకప్పుడు మంచు పలకలు పరుచుకుని ఉండేవంటే నమ్మడం కష్టం. హిమానీనదాలు వదిలిన పొరల మీద బొగ్గు పొరలు, వాటి మీద ఎర్రటి ఇసుకరాళ్లు అనే ఇదే వరుస దక్షిణార్ధగోళంలోని ఖండాలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఇన్ని చోట్ల ఇది యాదృచ్ఛికంగా జరిగిందని చెప్పడం కంటే, ఇవన్నీ అప్పట్లో దక్షిణ ధ్రువానికి చేరువగా ఉన్న ఒకే మహాఖండంలో భాగాలని చెప్పడం ఎంతో తేలిక. ఆ మహాఖండానికి ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయెస్ 19వ శతాబ్దంలోనే గోండ్వానా అని పేరు పెట్టాడు.

అయినా వెగెనర్ బతికి ఉండగా శాస్త్రలోకం ఆయన్ని అంగీకరించలేదు. ఈ తిరస్కారాన్ని పండితుల మొండితనంగా చిత్రించడం ఆనవాయితీ అయింది కానీ అది న్యాయం కాదు. ఖండాలు సముద్రపు అడుగును చీల్చుకుంటూ సాగుతాయని వెగెనర్ భావించాడు, అందుకు భూభ్రమణం వల్ల పుట్టే బలాలను, ఆటుపోట్ల బలాలను కారణంగా చూపాడు. ఆ బలాలు లక్షల రెట్లు చాలవని బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కగట్టి చూపాడు, ఆ లెక్క సరైనదే. ఆధారాలు నిజం, కారణం తప్పు. 1920ల చివరలో ఆర్థర్ హోమ్స్, భూమి లోపలి వేడి వల్ల, పైపొర కింద ఉండే మాంటిల్‌లోని రాయి అతి నెమ్మదిగా పైకీ కిందికీ ప్రవహిస్తుందని, ఆ ప్రవాహమే ఖండాలను మోసుకుపోవచ్చని సూచించాడు. అప్పటికి దాన్ని పరీక్షించే దారి లేదు. 1930 నవంబరులో వెగెనర్ గ్రీన్‌లాండ్ మంచులో ప్రాణం విడిచాడు.

వాదన మళ్లీ లేవడానికి దోహదం చేసిన రాళ్లలో దక్కన్ నల్లరాయి ఒకటి. హైదరాబాద్ నుంచి పడమరకు వెళ్తే చేవెళ్ల దాటాక గ్రానైట్ బండలు క్రమంగా తగ్గిపోతాయి, నల్లరేగడి మొదలవుతుంది, వికారాబాద్ చేరేసరికి నేల స్వరూపమే మారిపోతుంది. అనంతగిరి కొండల పైన ఎర్రటి లాటరైట్, దాని కింద నల్లరాయి, అంటే బసాల్ట్. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో పొంగిన లావాకు ఇది తూర్పు అంచు. లావా గట్టిపడి చల్లారేటప్పుడు అందులోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువుల అయస్కాంతత్వం ఆ చోట, ఆ కాలాన భూ అయస్కాంత క్షేత్రం ఎటు ఉందో అటు సర్దుకుని అలాగే బిగుసుకుపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ క్షేత్రం నేలకు సమాంతరంగా ఉంటుంది, ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది, మధ్యలో అక్షాంశాన్ని బట్టి వాలు మారుతుంది. కాబట్టి రాతిలోని వాలును కొలిస్తే ఆ రాయి పుట్టిన అక్షాంశం తెలిసిపోతుంది.

1950ల మధ్యలో లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు క్లెగ్, డ్యూష్, గ్రిఫిత్స్ దక్కన్ బసాల్ట్‌ను ఇలా పరీక్షించి 1956లో ఫలితాలు ప్రచురించారు. ఆ లావా భూమధ్యరేఖకు ఎంతో దక్షిణాన చల్లారిందని అందులో తేలింది. ఇప్పుడు లెక్కలన్నీ కలిపి చూస్తే, ఆ లావా పొంగిన కాలానికి ఈ నేల దాదాపు 20 నుంచి 30 డిగ్రీల దక్షిణ అక్షాంశాల నడుమ, నేటి రీయూనియన్ దీవి ఉన్న చోటికి సమీపంలో ఉండేది. హైదరాబాద్ నేడు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. అంటే నల్లరాయి పుట్టాక ఈ నేల ఉత్తరంగా సుమారు 4 నుంచి 5 వేల కిలోమీటర్లు వచ్చింది. ఖండ చలనాన్ని ఆకుల పోలికతో ఊహించడం ఒక ఎత్తు, ఒక రాతి ముక్కలోంచి దూరాన్ని డిగ్రీల్లో కొలిచి చెప్పడం ఇంకో ఎత్తు.

మిగిలిన ముడి సముద్రంలో వీడింది. మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ 1950లలో గీసిన పటాల్లో అట్లాంటిక్ నడుమ పొడవునా ఒక పర్వతశ్రేణి, దాని నడినెత్తిన ఒక చీలిక బయటపడ్డాయి. అక్కడ లోపలి నుంచి కొత్త శిల పుట్టుకొచ్చి రెండు వైపులకూ జరుగుతుందని హ్యారీ హెస్ 1962లో ప్రతిపాదించాడు. ఆ మరుసటి సంవత్సరమే ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ దాన్ని పరీక్షించే దారి చూపారు. భూ అయస్కాంత ధ్రువాలు కాలక్రమంలో తారుమారవుతుంటాయి కాబట్టి, కొత్తగా పుడుతున్న సముద్రపు అడుగులో శ్రేణికి ఇరువైపులా ఒకే తీరు చారలు పడాలి. వారు ఆధారం చేసుకున్న కొలతలు ముఖ్యంగా అరేబియా సముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శ్రేణి మీద తీసినవి. ఇండియన్ పలక నైరుతి అంచు అదే. తర్వాత 1967, 1968 సంవత్సరాల్లో మెకెంజీ, పార్కర్, మోర్గాన్, ల పిషోన్ రాసిన పరిశోధన పత్రాలతో, భూమి పైపొర కొన్ని గట్టి పలకలుగా విడిపోయి ఉందనీ ఖండం, సముద్రపు అడుగు కలిసి ఒకే పలకలో భాగంగా కదులుతాయనీ స్థిరపడింది. సముద్రపు అడుగును ఖండం చీల్చుకుపోవలసిన అవసరమే లేదు కాబట్టి జెఫ్రీస్ అభ్యంతరం కూడా దానంతట అదే తొలగిపోయింది.

ఈ వెలుగులో తెలుగు నేల ప్రయాణాన్ని ఇప్పుడు దశలవారీగా చెప్పవచ్చు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో కూర్చినది. ఆ జంతువు తిరిగిన కాలంలో గోండ్వానా ఇంకా కలిసే ఉంది, లేదా అప్పుడప్పుడే పగులుతోంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది. విశాఖ పరిసరాల తూర్పు కనుమల రాళ్లకు, అంటార్కిటికాలోని ఎండర్బీ లాండ్ రాళ్లకు ఉన్న చుట్టరికం అంతకు ముందు ఆ రెండూ కలిసి ఉన్న కాలానిది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ కూడా విడిపోయింది. ఆ తర్వాత ఇండియన్ పలక అసాధారణ వేగం అందుకుని, ఒక దశలో ఏటా 15 సెంటీమీటర్లు దాటి పరుగెత్తింది. దక్కన్ లావా పొంగింది ఆ పరుగు మధ్యలోనే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే బసాల్ట్ కూడా ఆ కాలానిదే. పాత నదీలోయల వెంట అది పడమటి నుంచే వందల కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఇంత వేగం ఎలా వచ్చిందన్నది ఇంకా తేలని ప్రశ్న. పలకలను నడిపే ప్రధాన బలం ఏమిటన్న దానిపై మాత్రం స్థూలంగా ఏకాభిప్రాయం ఉంది. సముద్రపు అడుగు వయసు పెరిగే కొద్దీ చల్లబడి బరువెక్కుతుంది, ఒక అంచున మాంటిల్‌లోకి కుంగుతుంది, కుంగిన భాగం తన బరువుతో వెనకున్న పలకనంతా లాగుతుంది. దండెం మీద ఆరేసిన తడి చీర ఒక వైపు ఎక్కువ వేలాడితే మిగతాది కూడా అటే జారిపోయినట్టన్నమాట. ఇండియన్ పలక ముందు భాగంలో ఉన్న, ఇప్పుడు లేని టెథిస్ అనే సముద్రపు అడుగు ఆసియా కిందికి అలాగే కుంగింది. 2007లో ఎన్‌జీఆర్‌ఐ, జర్మనీ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రచురించిన పత్రం మరో కోణాన్ని చూపింది. గోండ్వానాలోని తక్కిన ముక్కల కింద పలక మందం 180 నుంచి 300 కిలోమీటర్ల వరకు ఉండగా, ఇండియా కింద అది సుమారు 100 కిలోమీటర్లేనని, లోతైన వేరు కరిగిపోవడం వల్లే ఇది అంత తేలికగా పరుగెత్తిందని వారి వాదన. లావా పొంగించిన వేడి స్తంభం వెనక నుంచి తోసిందని కొందరు, ఒకటి కాదు రెండు చోట్ల పలక కుంగుతూ లాగిందని 2015లో ఎంఐటీ పరిశోధకులు ప్రతిపాదించారు. వీటిలో లాగుడు బలాన్ని ముఖ్యంగా తీసుకునే వివరణలకే మొగ్గు ఎక్కువ. ఎందుకంటే ఢీకొన్నాక, అంటే లాగే సముద్రపు అడుగు అయిపోయాక, వేగం బాగా పడిపోయిన సంగతి అవి సూటిగా చెప్పగలుగుతున్నాయి.

ఆ ఢీ సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, ఇంకా ఆగలేదు. ఎవరెస్ట్ శిఖరాగ్రాన ఉన్నది సముద్రంలో పుట్టిన సున్నపురాయి, అందులో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. ఇంకా దగ్గరి ఆధారం ఎన్నో తెలుగు ఇళ్ల పూజామందిరాల్లోనే ఉంది. నేపాల్‌లోని గండకీ నది నుంచి వచ్చే సాలగ్రామం నల్లటి గుండ్రాయి. దాని నోటిలో కనిపించే చక్రం, చుట్టూ సమానమైన ఎడంలో వరుసగా దిగిన గీతలు అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్లవి. టెథిస్ అడుగున బురదలో కూరుకుపోయిన ఆ గుల్లలు హిమాలయాలతో పాటు పైకి లేచి, వాగుల్లో దొర్లి నదిలోకి చేరాయి.

నేడు ఇండియా, ఆసియా ఏటా దాదాపు 4 సెంటీమీటర్ల చొప్పున దగ్గరవుతుంటే, అందులో సుమారు 2 సెంటీమీటర్లను హిమాలయాలే భరిస్తున్నాయి. అక్కడ పలకలు రాపిడి వల్ల బిగుసుకుని ఉండటంతో ఆ కదలిక దశాబ్దాల పాటు కూడి, ఒక్కసారిగా విడుదలవుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం అలాంటిదే. తూర్పున అండమాన్, సుమత్రా అంచున 2004 డిసెంబర్ 26న సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పలక జారి, ఆంధ్ర తీరం సహా హిందూ మహాసముద్రపు తీరాలను సునామీ ముంచెత్తింది. ఆ విషాదం తర్వాత హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని నగరం తీరప్రాంతాలకు కాపలా కాయడం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమర 8.6 తీవ్రతతో భూమి కంపించినా పెద్ద సునామీ రాలేదు. అక్కడ నేల నిలువుగా లేవకుండా అడ్డంగా జరగడమే కారణం.

2012 భూకంపం గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. అది పలక అంచున కాక, పలక లోపల వచ్చింది. ఇండియా, ఆస్ట్రేలియా ఉన్న పలక నడి సముద్రంలో నెమ్మదిగా రెండుగా విడిపోతోందని శాస్త్రవేత్తలు అంతకు ముందు నుంచే భావిస్తున్నారు, ఆ ఘటన దానికి బలం చేకూర్చింది. అంటే గట్టి పలక అన్నది మంచి అంచనాయే తప్ప సంపూర్ణ సత్యం కాదు. హిమాలయాల దగ్గర పుట్టే ఒత్తిడి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న దక్కన్‌లోకీ వస్తుంది, వచ్చి పాత బలహీన రేఖల దగ్గర పేరుకుంటుంది.

గోదావరి లోయ అలాంటి రేఖ. బొగ్గు పొరలు పేరుకోవడానికి చోటిచ్చినది కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కుంగిన ఆ లోయే, పాత పగుళ్లు ఇప్పటికీ దాని అడుగున ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది ఆ లోయలోనే. రెండోసారి హైదరాబాద్‌లోనూ ప్రకంపనలు తెలిశాయి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన 6.2 తీవ్రత భూకంపం దాదాపు 10 వేల మందిని బలిగొంది. హైదరాబాద్‌కు 200 కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరంలో, అదే దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఊరది. రాళ్లను మట్టితో కూర్చి కట్టిన మందపాటి గోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలడం వల్లే అంత ప్రాణనష్టం జరిగింది. ఆనాటి భూకంప మ్యాపులో కిల్లారి అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్-1లో ఉండేది. 2002లో మ్యాపును సవరించినప్పుడు జోన్-1ను పూర్తిగా తీసేశారు, లాతూర్ ప్రాంతాన్ని జోన్-3లో చేర్చారు. హైదరాబాద్ అందులో జోన్-2గా, అంటే తక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతంగా నిలిచింది.

తక్కువ ప్రమాదం అన్నది పెద్ద భూకంపాలు ఇక్కడ అరుదని చెబుతుందే తప్ప ఇక్కడ రావని హామీ ఇవ్వదు. పైగా హిమాలయాల్లోలా ఏటా ఎంత ఒత్తిడి పేరుకుంటోందో జీపీఎస్‌తో కొలిచి ముందే అంచనా వేసే వీలు దక్కన్‌లో దాదాపు లేదు, ఎందుకంటే ఆ మార్పు కొలత హద్దుకు లోపలే ఉండిపోతుంది. చేయగలిగినవి రెండే. గోదావరి లోయలో సీస్మోగ్రాఫ్‌ల సంఖ్య పెంచి చిన్న ప్రకంపనలను కూడా ఏళ్ల తరబడి నమోదు చేయడం ఒకటి. నగరంలో ఎక్కడ ఏ నేల ఉందో చూసుకుని కట్టడం రెండోది. గ్రానైట్ మీద లేచిన భవనం, పూడ్చిన చెరువు శిఖంలో మెత్తటి మట్టి మీద లేచిన భవనం ఒకే భూకంపానికి ఒకేలా ఊగవు, మెత్తటి మట్టి ప్రకంపనను పెంచుతుంది. 2002 మ్యాపులో ఆ రెండు చోట్లకూ రంగు ఒకటే. చెరువులు పూడ్చి కాలనీలు వెలసిన ఈ నగరానికి వార్డు స్థాయిలో నేల స్వభావాన్ని చూపే పటం, దాన్ని తప్పనిసరిగా చూసి అనుమతులిచ్చే పద్ధతి రెండూ కావాలి.